పురటాసి తిరుపతి నడకకి ప్యాకేజీ కడుతున్నారా? కట్టేముందు ఇది చదవండి

చెన్నై నుంచి తిరుపతికి నడిచి వెళ్దామనుకునే మనవాళ్ళ కోసం రాస్తున్నా, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళ కోసం. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఇంకా కోపం తగ్గలేదు నాకు.

మాది చెన్నైలో పెరంబూర్. పోయిన పురటాసిలో (సెప్టెంబరు-అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల, వెంకటేశ్వరస్వామికి ప్రత్యేకం) నేను, మా అత్తయ్య, మా ఆడపడుచు ముగ్గురం నడిచాం. మా మామయ్య ఉన్నన్నాళ్ళూ ఏటా వెళ్ళేవారు, రెడ్‌హిల్స్, పెరియపాళయం, ఊత్తుకోట మీదుగా, దగ్గరదగ్గర 130 కిలోమీటర్లు, చంకలో ఒక చాప, రాత్రయితే ఏదో ఒక అరుగు. ఆయన పోయాక ఆ దారిలో ఒక్కసారైనా నడవాలని అత్తయ్య కోరిక. అరవై దాటిన మనిషి, షుగర్ ఉంది, అరుగుల మీద ఎలా పడుకోబెడతాం అని భయపడి వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక పోస్టర్ చూసి ఫోన్ చేశా. మన తెలుగాయనే, గోవిందా గోవిందా అంటూనే ఫోన్ ఎత్తుతాడు. తలకి 3,800, నాలుగు రాత్రులూ కల్యాణమండపాల్లో బస, ఆడవాళ్ళకి వేరే హాలు, వేణ్ణీళ్ళు, భోజనం, లగేజీకి వ్యాను. పోస్టర్‌లో మండపం ఫోటో కూడా ఉంది, గ్రానైటు నేల, వరసగా ఫ్యాన్లు. పైగా కొండ మీద కాలినడక టోకెన్ కూడా మేమే తీసిపెడతాం తలకి ఇంకో 300 అన్నాడు, అది కూడా కట్టేశా. మొత్తం 12,300 జీపే చేశా, రసీదు అడిగితే స్వామి పనికి రసీదేంటమ్మా అన్నాడు. అప్పుడే అర్థం చేసుకోవాల్సింది.

మొదటి రాత్రి పెరియపాళయం ఇంకా రాకముందే రోడ్డు పక్కన ఒక షెడ్డు దగ్గర ఆపారు. గోడలకి పూత కూడా వెయ్యలేదు, మూలన సిమెంటు బస్తాలు, మోటారు వైరుకి తగిలించిన ఒక్క ట్యూబ్‌లైటు. యాభై మంది పైనే ఉన్నాం, బాత్రూం ఒక్కటి, దానికి గొళ్ళెం లేదు, మా ఆడపడుచు బయట కొంగు అడ్డం పట్టుకుని నిలబడితే ఒక్కొక్కరం వెళ్ళొచ్చాం. మండపం ఏదండీ అంటే ముహూర్తాలున్నాయమ్మా ఇవ్వలేదు అన్నాడు. పురటాసిలో అరవవాళ్ళు పెళ్ళిళ్ళే పెట్టుకోరు కదా, మండపాలన్నీ ఈగలు తోలుకుంటూ ఉంటాయి, ఈ మాత్రం తెలీదనుకున్నాడు మాకు. తర్వాత పోస్టర్‌లో ఫోటో పెద్దది చేసి చూస్తే మండపం బోర్డు మీద ఫోన్ నెంబరు కనిపించింది, చేస్తే ఆ పేరుతో మాకు బుకింగే రాలేదన్నారు. కట్టేముందు చెయ్యాల్సిన ఫోన్ అది.

అంతకంటే ఘోరం వ్యాను సంగతి. భోజనం వ్యాను, లగేజీ వ్యాను ఒకటేనట, అది మాకంటే ముందే ఊత్తుకోట వెళ్ళిపోయింది, అత్తయ్య షుగర్ మాత్రలు అందులో ఉన్న బ్యాగులో. రాత్రి తొమ్మిదింటికి పక్క ఊళ్ళో మెడికల్ షాపు వెతుక్కుంటూ ఎవరిదో బైకు మీద వెళ్ళొచ్చా. మాత్రలు, ఒక జత బట్టలు, ఆధార్, ఈ మూడూ భుజాన ఉండాల్సిందే, ఎంత మంచి గ్రూపైనా సరే. డ్రైవరు నెంబరు కూడా విడిగా తీసుకోండి.

రెండోరోజు సురుటుపల్లి చేరేసరికి బస కూడా లేదు, బస్టాపులో సర్దుకోమన్నారు. అక్కడి గుళ్ళో శివుడు లింగంగా కాదు, విషం మింగిన అలసటకి అమ్మవారి ఒడిలో తల పెట్టుకుని పడుకుని ఉంటాడు. బయటికొచ్చి అత్తయ్య అంది, ఆయనకి ఒడైనా దొరికింది, డబ్బు కట్టిన మనకి చాప కూడా లేదే అని. పక్కన టిఫిన్ కొట్టు అక్క అది విని పడీ పడీ నవ్వి, వాళ్ళ వసారా ఊడ్చి ఇచ్చింది, కాళ్ళ బొబ్బలకి పసుపు కొబ్బరినూనె కాచి పెట్టింది. పైసా తీసుకోలేదు. మా మామయ్య చెప్పే అరుగులంటే ఏంటో ఆ రాత్రి తెలిసింది.

పొద్దున్నే ఆ గ్రూపుని వదిలేశాం. నాగలాపురంలో వేదనారాయణ స్వామిని చూసుకుని (కృష్ణదేవరాయలు వాళ్ళమ్మ నాగలాంబ పేరు మీద వెలిసిన ఊరు) మెల్లగా నారాయణవనం చేరాం. గ్రూపు వాళ్ళు టైము లేదని అక్కడ ఆగనే లేదట. పద్మావతమ్మని స్వామి పెళ్ళాడిన ఊరు, ఆ పెళ్ళికి వాడారని చెప్పే పెద్ద తిరగలి ఇప్పటికీ గుళ్ళో ఉంది, అత్తయ్య దాని పక్కన అరగంట కూర్చుంది. ఈ దారిలో నడిచి ఇక్కడ ఆగకపోతే బస్సులో వెళ్ళినట్టే. పెళ్ళికి చేసిన అప్పు స్వామి ఇప్పటికీ వడ్డీతో కడుతున్నాడు, మన నిర్వాహకుడు అసలు కూడా ఇవ్వడంలేదు.

ఇంక టోకెన్ సంగతి. నడిచి వెళ్ళేవాళ్ళకిచ్చే దివ్యదర్శనం టోకెన్‌కి డబ్బే లేదు, తిరుపతిలోనే ఎవరి ఆధార్ వాళ్ళు చూపించి తీసుకోవాలి, రోజుకి ఇన్ని అని లెక్క, అయిపోతే అయిపోయినట్టే. ముందే తీసిపెట్టడం అనేది లేదు. ఎవరైనా 300 అంటే మీరు ఆన్‌లైన్లో దొరికే ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ అనుకుంటారు, మేమూ అలాగే అనుకున్నాం, అక్కడే పడతారు. అలిపిరిలో లగేజీ కూడా దేవస్థానం వాళ్ళే ఉచితంగా పైకి చేరుస్తారు, దానికి ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. అత్తయ్య 3,550 మెట్లూ ఎక్కింది, మోకాళ్ళ పర్వతం దగ్గర మాత్రం ఏడ్చింది, నొప్పికో మామయ్య గుర్తొచ్చో నేను అడగలేదు.

డబ్బులు వెనక్కి అడిగితే మొదట సగం ఇస్తానన్నాడు, తర్వాత మధ్యలో వదిలేసింది మీరే కదా అన్నాడు, ఇప్పుడు ఫోనే ఎత్తడు. అన్ని గ్రూపులూ ఇలాగే ఉంటాయనను, ఏళ్ళ తరబడి పసుపు బట్టలు కట్టుకుని పద్ధతిగా తీసుకెళ్ళేవాళ్ళున్నారు. కానీ ఏ రాత్రి ఏ ఊళ్ళో ఏ మండపమో పేరుతో సహా చెప్పనివాళ్ళకి రూపాయి కట్టకండి, చెప్పినా ఆ మండపానికి మీరే ఫోన్ చెయ్యండి.

నిన్న మా వీధి గ్రూపులో ఈ ఏడాది పోస్టర్ వచ్చింది. అదే గ్రానైటు నేల, అవే ఫ్యాన్లు. తలకి 4,200.