తాళం వేసిన పాటా, తాళం లేని పాటా: డబ్బులిచ్చి కొనేవాళ్ళకి ఏది మేలు?

కాపీ కొట్టకుండా తాళం వేసి అమ్మే పాటలూ సినిమాలూ ఒకవైపు, కొన్నాక మీ ఇష్టం అని మామూలు ఫైల్ చేతిలో పెట్టేవి ఇంకోవైపు, రెండూ కొన్నాను కాబట్టి చెప్తున్నా, నా ఓటు రెండోదానికే.

తాళంతో అసలు చిక్కేంటంటే తాళంచెవి కూడా కొన్నవాడికే ఇవ్వాలి, లేకపోతే వాడి ప్లేయర్‌లో సినిమా ఆడదు కదా, చెవి చేతిలో ఉన్నాక ఎవడో ఒకడు తాళం తీసేస్తాడు. డీవీడీలకి సీఎస్ఎస్ అని 40 బిట్ల తాళం వేశారు, 1999లో డీసీఎస్ఎస్ అనే చిన్న ప్రోగ్రామ్ వచ్చి దాన్ని తీసేసింది, అది రాసినవాళ్ళలో ఒకడైన నార్వే కుర్రాడు జాన్ లెక్ యోహాన్సెన్ మీద కేసు పెడితే 2003లో కోర్టు వదిలేసింది. అదే ఏడాది ఇంకో రకం సీడీ తాళం గురించి ప్రిన్స్‌టన్ విద్యార్థి అలెక్స్ హాల్డర్మన్ చెప్పిందేంటంటే, కంప్యూటర్లో డిస్క్ పెట్టేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుంటే చాలు, తాళం పడదని!

2005లో సోనీ బీఎంజీ అనే పాటల కంపెనీ చేసింది మరీ ఘోరం, సీడీ పెడితే విండోస్‌లో కనపడకుండా దాక్కునే ప్రోగ్రామ్ ఎక్కించేది, దాని చాటున వైరస్‌లు కూడా దాక్కున్నాయి, చివరికి ఆ సీడీలు వెనక్కి తీసుకున్నారు. అది తగిలింది ఎవరికి, డబ్బులిచ్చి కొన్నవాళ్ళకే, డబ్బులివ్వకుండా ఎంపీ3 దించుకున్నవాడికి ఏమీ కాలేదు. నాకూ అదే అయింది, ఒక ఆన్‌లైన్ షాపులో కొన్న ఆల్బమ్ కంప్యూటర్ మార్చగానే పాడలేదు, ఈలోపు ఆ షాపే ఎత్తేశారు, మా ఫ్రెండ్ దగ్గరున్న కాపీ మాత్రం ఇప్పటికీ పాడుతుంది, ఒళ్ళు మండదా మరి.

తాళం తీసేస్తే అమ్మేవాళ్ళు మునిగిపోతారంటారు. ఆపిల్ వాళ్ళ ఆన్‌లైన్ పాటల షాపు ఐట్యూన్స్ 2009లో పాటలన్నిటికీ తాళం తీసేస్తామని ప్రకటించింది, ఏం మునిగింది, 2010 ఫిబ్రవరికి 1000 కోట్ల పాటలు, 2013 ఫిబ్రవరికి 2500 కోట్లు అమ్మింది. మన దగ్గర మోజర్ బేర్ అనే డిస్కుల కంపెనీ వాళ్ళు సినిమా వీసీడీ 28 రూపాయలకీ డీవీడీ 34కీ పెట్టినప్పుడు గుర్తుందా, ఆ రేటుకి ఒరిజినలే దొరుకుతుంటే దొంగ డిస్క్ ఎందుకు కొంటాం. ఏ తాళమూ ఆ పని చేయలేదు.

నెలకింత కట్టి వినే యాప్‌లో తాళం ఉంటే నాకు బాధలేదు, అది అద్దె అని తెలిసే కడతాం, అక్కడ కూడా చెవిదాకా వచ్చిన పాటని రికార్డు చేయకుండా ఎవరూ ఆపలేరనుకోండి. కొనుక్కునేదైతే మాత్రం ఎంపీ3 ఇచ్చే చోటే కొంటున్నా, పది రూపాయలు ఎక్కువైనా సరే.