రివాల్వర్ తూటాల డైలు: ఏడేళ్ల వాడకం తరువాత నా అభిప్రాయం

మాది నెల్లూరు జిల్లా కావలి. టెక్సాస్‌లో పదకొండేళ్లు ఉద్యోగం చేసి ఇంటికి తిరిగి వచ్చాను. అక్కడ ఉన్న కాలంలో ఏడేళ్ల పాటు .38 స్పెషల్ రివాల్వర్ తూటాలను షూటింగ్ రేంజ్‌లో వాడుకోవడానికి స్వయంగా నింపుకున్నాను. అక్కడ అది చట్టం అనుమతించే వ్యాపకం. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. తయారీ యంత్రాలు కూడా ఆ చట్టం పరిధిలోకే వస్తాయి. అందువల్ల తూటాలు నింపే ప్రెస్సు యంత్రాన్నీ, అందులో మరతో బిగించే డైల (నొక్కి ఆకారం ఇచ్చే ఉక్కు అచ్చుల) పెట్టెనూ అక్కడే స్థిరపడిన ఒంగోలు మిత్రుడికి అప్పగించి వచ్చాను. ఆయన ఇప్పుడు ఫోన్‌లో అడుగుతున్న సందేహాలే ఈ సమీక్షకు కారణం.

ట్రంకు రోడ్డు దగ్గర మా మామయ్యకు లేత్ షాపు ఉంది. రొయ్యల గుంటల ఏరియేటర్ షాఫ్టులు ఆయన చేతి మీదుగానే బాగవుతాయి. ఈ డై బొమ్మను కాగితం మీద గీసి చూపించినప్పుడు ఆయన మొదట అడిగిన ప్రశ్న "మర ఎంత?" అన్నదే. దాదాపు అన్ని కంపెనీల డైలకూ ముప్పావు అంగుళం పైన మరో అరపావు వ్యాసం, అంగుళానికి 14 మరలు ఉంటాయని చెప్పాను. ఆయన సుద్దముక్కతో లెక్క కట్టి, "అయితే ఒక చుట్టుకు 1.8 మిల్లీమీటర్లు దిగుతుంది అబ్బయా, అరపావు చుట్టు అంటే పావు మిల్లీమీటరు కూడా కాదు, చేతికి తెలియకుండానే తేడా వచ్చేస్తుంది" అన్నారు. ఏడేళ్లలో నాకు ఎదురైన చిక్కులన్నీ ఆ ఒక్క లెక్కలోనే ఉన్నాయి.

తూటా అంటే ఇత్తడి గొట్టం (కేసు), దాని అడుగున మందును అంటించే చిన్న మూత (ప్రైమర్), లోపల మందు, మూతిలో బుల్లెట్, ఇవన్నీ కలిసినది. మొదటి డై వాడిన కేసును తిరిగి అసలు కొలతకు నొక్కి, కాలిన ప్రైమర్‌ను బయటకు తోస్తుంది. నా పెట్టెలోది కార్బైడ్ వలయం ఉన్న డై కాబట్టి కేసుకు నూనె రాయవలసిన అవసరం రాలేదు. అయితే కార్బైడ్ గట్టిదే కానీ పెళుసు. కేసు అడుగును పట్టి ఉంచే షెల్ హోల్డర్ దానికి బలంగా తగిలితే పగలవచ్చు. అందుకే ఆ రెంటి మధ్య పోస్టుకార్డు మందమంత సందు వదిలి లాక్ నట్టు బిగించాను. కాలిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది కనుక పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి.

రెండో డై కేసు మూతిని కొద్దిగా విప్పుతుంది. విప్పడం చాలకపోతే సీసపు బుల్లెట్ అంచు చెక్కుకుపోతుంది, మరీ ఎక్కువైతే మూతి త్వరగా చిట్లుతుంది. కొట్టిన కొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుందని, మధ్యలో కాల్చి మెత్తబరచకపోతే పగులుతుందని బిందెల సొట్టలు తీసే కంచరివాళ్లను అడిగినా చెబుతారు. రివాల్వర్ కేసులను అలా కాల్చకూడదు కాబట్టి మూతిని వంచడం తగ్గించుకోవడమే మార్గం. మొదటి ఏడాది నా కేసులు ఆరేడు సార్లకే చిట్లాయి. బుల్లెట్ అడుగు మూతిలో నిలబడేంత మాత్రమే విప్పడం అలవాటైన తరువాత అవే కేసులు పన్నెండు సార్లు దాటి పనిచేశాయి.

నేను పెట్టెకు మార్కులు తగ్గించేది మూడో డై దగ్గరే. అది రెండు పనులను ఒకే దెబ్బకు చేయాలనుకుంటుంది: బుల్లెట్‌ను లోతుకు దింపడం, ఆ దిగుడు చివరన కేసు మూతిని బుల్లెట్ గాడిలోకి మడవడం. మూతి మడత పడుతూ ఉండగానే బుల్లెట్ ఇంకా కిందికి కదులుతూ ఉంటుంది కనుక సీసం చెక్కుకుపోయి మూతి దగ్గర ఉంగరంలా పేరుకుంటుంది. మడత ఎక్కువైతే కేసు గోడ కింద ఉబ్బి తూటా రివాల్వర్ సిలిండర్‌లోకి (తూటాలు పెట్టే, తిరిగే భాగంలోకి) దిగదు. మడత తక్కువైతే ప్రమాదం మరో రకంగా వస్తుంది. ఒక తూటా పేలినప్పుడు రివాల్వర్ వెనక్కి తన్నుతుంది, మిగిలిన తూటాల కేసులు దానితో పాటు వెనక్కి వస్తాయి, బుల్లెట్లు మాత్రం జడత్వం వల్ల ఉన్నచోటనే ఉండిపోవాలని చూస్తాయి. అలా మెల్లగా ముందుకు జరిగిన బుల్లెట్ సిలిండర్ ముందుకు పొడుచుకువచ్చి దాన్ని తిరగనివ్వదు. తేలికపాటి రివాల్వర్‌తో నాకు ఒకసారి అలాగే జరిగింది.

దీనికి నేను చేసిన పరిష్కారం దింపడాన్నీ మడవడాన్నీ విడదీయడం. ముందు డైని పైకి తిప్పి, మూతికి తగలకుండా చేసి, డై లోపల ఉండి బుల్లెట్‌ను నొక్కే కాడతో మాత్రమే అన్ని బుల్లెట్లనూ దింపాలి. ఆ తరువాత కాడను పైకి తీసేసి, డైని అరపావు చుట్టు చొప్పున దించుకుంటూ మూతి గాడిలోకి మడత పడేవరకు సరిచూసుకోవాలి. రెండేళ్ల తరువాత మడతకు ప్రత్యేకంగా నాలుగో డై కొన్నాను. ఆ ఖర్చుకు నేను ఒక్కనాడూ చింతించలేదు. అయితే కేసులన్నీ ఒకే పొడవు లేకపోతే ఏ డై అయినా న్యాయం చేయలేదు. .38 స్పెషల్ కేసు పొడవు 29.3 మిల్లీమీటర్ల వరకు ఉండవచ్చు. పొట్టి కేసుకు మడత అందదు, పొడుగు కేసుకు అతిగా పడుతుంది.

మడత చాలిందో లేదో తేల్చడానికి వెర్నియర్ కాలిపర్ ఒక్కటి చాలు. రివాల్వర్‌లో ఆరు తూటాలు పెట్టేముందు ఆరో తూటా పొడవును కొలిచి గుర్తుపెట్టి, మిగిలిన అయిదింటినీ కాల్చి, దాన్ని తీసి మళ్లీ కొలవాలి. పొడవు పెరిగితే మడత పట్టలేదన్నమాట. బుల్లెట్ మరీ లోతుకు దిగినా మంచిది కాదు. లోపల చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది కనుక మందు కొలతలో గానీ, మొత్తం పొడవులో గానీ అచ్చయిన లోడింగ్ మాన్యువల్‌ను దాటకూడదు. ఈ కేసులో చోటు ఎక్కువ, పొరపాటున రెండుసార్లు మందు పడినా పైకి కనబడదు. బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేసులోకీ టార్చి వేసి చూడకుండా నేను ఏ రోజూ పని ముగించలేదు.

లాక్ నట్టు మరొక లోపం. దాని పక్క స్క్రూ నేరుగా డై మరల మీద కొరికి వాటిని పాడుచేసింది. స్క్రూ కింద చిన్న సీసపు పూస వేసి బిగించాక మరలు నలగలేదు, డై కూడా కదలలేదు. 1935లో వచ్చిన .357 మాగ్నం కేసు .38 స్పెషల్ కేసుకంటే సుమారు 3.4 మిల్లీమీటర్లు పొడవు. ఇవే డైలతో దాన్ని కూడా నింపవచ్చు కానీ ప్రతిసారీ ఎత్తు మార్చుకోవాలి. నేను రెంటికీ వేరువేరు పెట్టెలు ఉంచుకోవడం మేలనుకుంటాను.

మిత్రుడు గత వారం ఫోన్ చేసి, నట్టు వదులై సెట్టింగు పోయిందని బాధపడ్డాడు. పెట్టె అడుగున మందూ ప్రైమరూ లేకుండా నేను సరైన పొడవుకు చేసి ఉంచిన డమ్మీ తూటా ఒకటి ఉంది, దానికి ఎర్ర దారం చుట్టి ఉంటుంది. దాన్ని ప్రెస్సులో పెట్టి పైకెత్తి, మూతికి తగిలే వరకు డైని, ముక్కుకు తగిలే వరకు కాడను దించి బిగించుకోమన్నాను.