ఇళ్ల చట్టానికి సంతకాలా, పల్లీసభ తీర్మానమా?

ఒడిశాలో రాయగడ నుంచి పర్లాకిమిడి దాకా, ఇళ్ల హక్కుకు దేశమంతటికీ ఒక చట్టం కావాలని కదిలిన ప్రతి ఊరివాళ్లూ ఇదే అడుగుతున్నారు: సంతకాలు సేకరించి ఢిల్లీకి పంపాలా, పల్లీసభలో, అంటే ఊరి ఓటర్లంతా కూర్చునే సభలో, తీర్మానం పెట్టించాలా?

సంతకాలు సులువు. సంతలో బల్ల వేసుకుని కూర్చుంటే సాయంత్రానికి కాగితాలు నిండుతాయి. ఓటు వేరే ఊళ్లో ఉన్న అద్దెవాళ్లూ సంతకం పెట్టవచ్చు. పల్లీసభలో ఆ వీలు లేదు, ఓటర్ల జాబితాలో పేరుండాలి. సంతకాలు అయ్యాకే చిక్కు. రాయగడ జిల్లాలోని గుణుపురం కోరాపుట్ లోక్‌సభ స్థానంలో ఉంది, పక్కనే ఉన్న పర్లాకిమిడి బరంపురం స్థానంలో. ఒకే గోడు ఇద్దరు ఎంపీలకు విడివిడిగా చెప్పుకోవాలి. పోనీ ఒకరు మనసుపడి ప్రైవేటు బిల్లు (మంత్రి కాని ఎంపీ సొంతంగా పెట్టేది) పెట్టినా, 1970 తర్వాత అలాంటిది ఒక్కటీ చట్టం కాలేదు.

నా మొగ్గు పల్లీసభ వైపే. కారణం స్థలం. ప్రధానమంత్రి ఆవాస్ పథకం కింద పల్లెలో ఇంటికి మైదానంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతంలో 1.30 లక్షలు ఇస్తారు. జాగా లేనివాళ్లు ఆ డబ్బుతో ఎక్కడ కట్టుకోవాలి? 2012లో భూమి హక్కు కోసం గ్వాలియర్ నుంచి ఢిల్లీకి కాలినడకన బయలుదేరిన వేలమంది ఆగ్రాలో కేంద్రంతో ఒప్పందం చేసుకున్నారు. మరుసటి ఏడాది, ఇంటి స్థలం లేని పల్లె కుటుంబానికి 10 సెంట్లు హక్కుగా ఇవ్వాలని ముసాయిదా బిల్లు కూడా వచ్చింది. చట్టం మాత్రం కాలేదు. భూమి రాష్ట్రాల జాబితాలోని విషయం కాబట్టి రేపు ఢిల్లీ చట్టం చేసినా, స్థలం చూపాల్సింది భువనేశ్వర్. ఏ ఊళ్లో ప్రభుత్వ భూమి ఎక్కడ ఖాళీగా ఉందో ఊరివాళ్లకే తెలుసు.

ఇంకో మాట ఉంది, అందరూ దాటవేసేది. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే ఆదివాసీలకు రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. 1956 నాటి నిబంధన ప్రకారం ఆదివాసీల భూమి ఇతరుల చేతికి పోకూడదు, పోకపోవడమే న్యాయం. తరాలుగా ఇక్కడే ఉంటున్న తెలుగు కుటుంబం "మాకూ 10 సెంట్లు" అనగానే పక్కనున్న కంధ ఆదివాసీ కుటుంబం ఉలిక్కిపడుతుంది. సంతలోని బల్ల దగ్గర ఈ గొడవ బయటపడదు. పల్లీసభలో ఎదురెదురుగా కూర్చుని, అడిగేది ప్రభుత్వ భూమేనని తేల్చుకోక తప్పదు.

పల్లీసభ మాటకు విలువేమిటని అడిగేవాళ్లకు నియమగిరి కొండ పక్కనే ఉంది. 2013లో సుప్రీంకోర్టు ఊళ్లను అడగమన్నప్పుడు 12 పల్లీసభలు బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి, అనుమతి రాలేదు. అయితే వాటి వెనక అటవీ హక్కుల చట్టం ఉంది. ఇళ్ల తీర్మానానికి ఇప్పుడు ఆ బలం లేదు, అది బీరువాలోనే ఉండిపోవచ్చు కూడా.

కోర్టు దారి కూడా ఉంది. నివాసం జీవించే హక్కులో భాగమని 1995లోనే చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. కరపత్రంలో వేసుకోండి, చాలు. పాదయాత్ర సంగతి కోతలయ్యాక చూద్దాం.

పల్లీసభ మామూలుగా ఏటా ఫిబ్రవరిలో జరుగుతుంది. తీర్మానం ఒడియాలో రాస్తారు కనుక సంతకం పెట్టేముందు గట్టిగా చదివించుకుని, తెలుగులో చెప్పించుకోండి. "ఇళ్లు మంజూరు చేయాలి" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టనివ్వకండి. ఇంటి స్థలం లేనివాళ్ల పేర్లు వరసగా ఎక్కాలి. నకలు చేతికొచ్చాక దానికి జతచేసి సంతకాలు పంపండి. నకలు ఇవ్వకపోతే 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఒడిశాలో దానికి ఫారం-ఎ నింపాలి.