వైఫై పేరే కనబడకపోతే: నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో ఆర్చర్ సీ6 పనితీరు

రౌటర్ కొనేటప్పుడు అందరూ ముందు స్పీడు అడుగుతారు. రెండేళ్లు వాడాక ఎక్కువ ఇళ్లలో వచ్చే తలనొప్పి వేరే ఉంటుంది. డబ్బా మీద లైట్లు వెలుగుతుంటాయి, ఫోన్లో మాత్రం మన వైఫై పేరు కనబడదు. కేబులాయనకు ఫోన్ చేస్తే "మా వైపు అంతా బాగానే ఉందండీ" అంటాడు. నిజంగానే ఆయన వైపు బాగానే ఉంటుంది. ఫైబర్ ఇంటిదాకా వచ్చింది, ఇంట్లో గాలిలోకి వదలాల్సిన రేడియో ఆగిపోయింది. అందుకే టీపీ-లింక్ ఆర్చర్ సీ6ని ఈ సమీక్షలో ఆ ఒక్క కోణం నుంచే చూస్తున్నాం: వైఫై మాయమైతే కారణం ఇంట్లోవాళ్లే పట్టుకోగలరా, మన ఎండకూ కరెంటుకూ ఉప్పుగాలికీ ఇది తట్టుకుంటుందా?

రెండు పడకగదుల ఇంటికి, 200 ఎంబీపీఎస్ లోపు ప్లాన్‌కి ఇది మంచి కొనుగోలు. ధర రెండు వేల నుంచి మూడు వేల లోపు నడుస్తోంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో (వైఫై వాడే రేడియో తరంగాల వరస) 300 ఎంబీపీఎస్, 5 గిగాహెర్ట్జ్‌లో 867 ఎంబీపీఎస్ అని పెట్టె మీద రాస్తారు. అవి గాలిలో లింకు లెక్కలు, చేతికి వచ్చేది అందులో సగం చుట్టూ ఉంటుంది. బయటికి నాలుగు యాంటెనాలు, వెనక గిగాబిట్ పోర్టులు. చాలా ఇళ్లలో ఆపరేటర్ ఇచ్చిన ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి చేరే డబ్బా) పక్కన దీన్ని పెట్టి, ఓఎన్‌టీ లాన్ పోర్టు (ఇంట్లో పరికరాలకు కేబుల్ గుచ్చేది) నుంచి దీని వాన్ పోర్టుకి (ఇంటర్నెట్ లోపలికి వచ్చేది) ఒక కేబుల్ వేస్తే సరిపోతుంది.

దీంట్లో మాకు బాగా నచ్చింది లైట్ల అమరిక. 2.4కి ఒక లైటు, 5కి ఒక లైటు, ఇంటర్నెట్‌కి వేరే లైటు. రెండు బ్యాండ్ల రేడియోలు వేర్వేరు కాబట్టి ఒకటి పోయినా రెండోది నడుస్తుంది. ఏది పోయిందో లైటు చూసి చెప్పొచ్చు. ఆపరేటర్లు ఇచ్చే చవక ఓఎన్‌టీలు కొన్నిటిలో వైఫైకి మొత్తం ఒకే లైటు ఉంటుంది, అక్కడ ఈ సౌకర్యం లేదు. ఒక్క జాగ్రత్త: లైట్లన్నీ ఆర్పేసే నైట్ మోడ్ ఇందులో ఉంది. అది ఆన్‌లో ఉంటే లైటు లేదని రేడియో చచ్చిందనుకోకండి.

ముందు రెండు జబ్బుల్ని విడగొట్టుకోవాలి. పేరు కనబడుతోంది, కనెక్ట్ అవుతోంది, నెట్ మాత్రం రావట్లేదు అంటే రౌటర్ రేడియో బాగానే ఉంది. ఓఎన్‌టీ మీద ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా ఉంటే ఫైబర్ నుంచి సిగ్నల్ రావట్లేదన్నట్టు, ఎక్కువగా ఫైబర్ తెగి ఉంటుంది. మన దగ్గర ఫైబర్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది గనక గాలివాన తర్వాత ఇది మామూలే. అది ఆపరేటర్ పని. పేరే కనబడట్లేదంటే మాత్రం నెట్ ఉన్నా లేకపోయినా సంబంధం లేదు. ఫైబర్ పీకేసి పెట్టినా, కరెంటు ఇచ్చిన రెండు నిమిషాల్లో రౌటర్ తన పేరు చూపించి తీరాలి.

రౌటర్‌కి రెండు మీటర్ల దూరంలో నిలబడి రెండు ఫోన్లతో చూడండి. ఒకదాంట్లో కనబడి ఇంకోదాంట్లో కనబడకపోతే కారణం చానెల్ (బ్యాండ్‌లో రౌటర్ వాడే చిన్న భాగం) గానీ ఫోన్ గానీ. ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ పెట్టుకుంటే ఇంకా స్పష్టం. పక్కనే నిలబడితే మైనస్ 30 నుంచి మైనస్ 50 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరైతే బలం ఎక్కువ) మధ్య చూపాలి. పక్కనే ఉన్నా మైనస్ 75 చూపిస్తోందంటే యాంటెనా వైరో, లోపలి యాంప్లిఫయరో దెబ్బతింది. ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక యాప్‌కి రెండు నిమిషాల్లో నాలుగుసార్లే స్కాన్ చేసే వీలుంది, కాబట్టి లిస్టు మారడానికి కాసేపు ఆగండి.

ఇక బటన్. సీ6లో మేము తప్పుపట్టేది దీన్నే. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా ఫోన్‌ని కలిపేది), వైఫై రెండూ ఒకే బటన్ మీద పెట్టారు. ఒక సెకను నొక్కితే డబ్ల్యూపీఎస్, రెండు సెకన్లకు మించి నొక్కిపట్టుకుంటే రెండు బ్యాండ్ల వైఫై ఆఫ్. దుమ్ము తుడిచేటప్పుడు, డబ్బాని పట్టుకుని జరిపేటప్పుడు వేలు దాని మీదే పడుతుంది. 2.4, 5 లైట్లు రెండూ ఒకేసారి ఆరి, ఇంటర్నెట్ లైటు మాత్రం వెలుగుతుంటే ముందు అనుమానించాల్సింది ఈ బటన్‌నే. మళ్లీ మూడు సెకన్లు నొక్కిపట్టి వదలండి. మెకానిక్ అక్కర్లేకుండా తీరిపోయే కేసుల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది.

బటన్‌తో రాకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. ఒక బ్యాండ్ బతికి ఉంటే దానికే కనెక్టయి వెళ్లొచ్చు. రెండూ పోతే లాన్ కేబుల్ తప్పదు. లాప్‌టాప్‌కి లాన్ పోర్టు లేకపోతే యూఎస్‌బీ నుంచి లాన్‌కి మార్చే చిన్న అడాప్టర్ దొరుకుతుంది. బ్రౌజర్లో 192.168.0.1 కొట్టండి. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (అడ్రస్‌లు ఓఎన్‌టీ ఇస్తుంటే ఇది వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) పెట్టి ఉంటే ఈ అడ్రస్ తెరుచుకోకపోవచ్చు. అప్పుడు ఓఎన్‌టీ పేజీలో కనెక్ట్ అయిన పరికరాల లిస్టు చూస్తే సీ6 అడ్రస్ దొరుకుతుంది.

లోపల వైర్‌లెస్ సెట్టింగ్స్‌లో ఒక్కో బ్యాండ్‌కి ఎనేబుల్ వైర్‌లెస్ రేడియో టిక్కు ఉండాలి, హైడ్ ఎస్ఎస్ఐడీ (వైఫై పేరు దాచేది) టిక్కు ఉండకూడదు. హైడ్ పెడితే పాత ఫోన్లు కనెక్ట్ అవుతూనే ఉంటాయి, కొత్త ఫోన్‌కి పేరు కనబడదు. స్మార్ట్ కనెక్ట్ ఆన్‌లో ఉంటే రెండు బ్యాండ్లకీ ఒకటే పేరు కాబట్టి ఏది పోయిందో తెలీదు. పరీక్ష అయ్యేదాకా దాన్ని ఆపి, రెండిటికీ వేరే పేర్లు పెట్టండి.

రోజూ ఒకే వేళకి వైఫై పోయి, ఒకే వేళకి తిరిగొస్తుంటే నేరుగా వైర్‌లెస్ షెడ్యూల్ చూడండి. పిల్లల కోసమని రాత్రి 11 నుంచి తెల్లారి 5 దాకా ఆపి పెట్టుకుంటారు, బానే ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ తర్వాత మళ్లీ షెడ్యూల్ పెట్టి, టైమ్ జోన్ మాత్రం గ్రీన్‌విచ్ దగ్గరే వదిలేస్తే మన టైముకి ఐదున్నర గంటలు జరిగిపోతుంది. అప్పుడు తెల్లవారుజాము 4:30 నుంచి పొద్దున 10:30 దాకా వైఫై ఉండదు. ఆన్‌లైన్ క్లాసులు, ఆఫీసు పనులు మొదలయ్యే వేళ అది. రౌటర్ చెడిపోయిందని కొత్తది కొనేముందు సిస్టమ్ టైమ్ ఒక్కసారి చూడండి.

చానెల్ సంగతి అపార్ట్‌మెంట్లలో ముఖ్యం. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో దర్గామిట్టలోనో యాప్ తెరిస్తే పక్క ఫ్లాట్ల పేర్లు వరసగా కనబడతాయి. 2.4లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. వీటిలో ఖాళీగా ఉన్నది ఎంచుకుని, చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించండి. 12, 13 మన దేశంలో వాడొచ్చు. కానీ అమెరికా సెట్టింగ్‌తో వచ్చిన లాప్‌టాప్‌లకు, అక్కడినుంచి బంధువులు తెచ్చిన ఫోన్లకు ఆ రెండు చానెళ్లలో ఉన్న వైఫై కనబడదు. ఆటో పెట్టి వదిలేస్తే రౌటర్ ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి వెళ్లే వీలుంది. 5లో 36 నుంచి 48 మధ్య పెట్టుకోవడం మేలు. 52 నుంచి 144 దాకా ఉన్న చానెళ్లు వాడే రౌటర్లు రాడార్ ఉందేమో వింటూ కనీసం నిమిషం పాటు మౌనంగా ఉండాలి. వినబడితే ఆ చానెల్ వదిలేయాలి. 5 పేరు మాత్రమే అప్పుడప్పుడు మాయమై తిరిగొస్తుంటే ఇదొక కారణం. ఓఎన్‌టీకి సొంత వైఫై ఉంటే దాన్ని ఆపేయండి, రెండు డబ్బాలు పక్కపక్కనే అరుచుకోవడం దేనికి?

సెట్టింగ్స్ అన్నీ బాగుండి కూడా పేరు వస్తూ పోతూ ఉంటే చూడాల్సింది అడాప్టర్. చాలామంది అసలు చూడనిదీ ఇదే. సీ6కి 12 వోల్టులు, 1 ఆంపియర్ అడాప్టర్ ఇస్తారు. లోపలి కెపాసిటర్లు వేడికి ఎండిపోతే వోల్టేజీ స్థిరంగా ఉండదు. లైట్లకు పెద్ద కరెంటు అక్కర్లేదు గనక అవి వెలుగుతాయి, లాన్ కూడా నడుస్తుంది. రేడియో గట్టిగా పంపడం మొదలెట్టగానే కరెంటు ఎక్కువ లాగుతుంది, వోల్టేజీ కుంగుతుంది, వైఫై పడిపోతుంది లేదా డబ్బా మొత్తం రీస్టార్ట్ అవుతుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వీడియో చూసేటప్పుడే పోతుందంటే గుర్తు ఇదే. అడాప్టర్‌ని విడిగా మల్టీమీటర్‌తో చూస్తే 12 చూపిస్తుంది, అది నమ్మకండి. రౌటర్ నడుస్తుండగా 11.4 కంటే తగ్గితే మార్చేయాలి. మీటరు లేనివాళ్లు 12 వోల్టులు, 1 ఆంపియర్ లేదా ఎక్కువ ఉన్న ఇంకో అడాప్టర్‌తో ఒకరోజు నడిపి చూడొచ్చు. పిన్ను మందం సరిపోవాలి, మధ్యలో ప్లస్ ఉన్నట్టు బొమ్మ ఉండాలి. పాత రౌటర్ 9 వోల్టుల అడాప్టర్ కానీ, అర ఆంపియర్‌ది కానీ పిన్ను పట్టిందని గుచ్చకండి. కొత్త అడాప్టర్‌కి పెట్టే కొద్ది డబ్బుతో రౌటర్ ఖర్చు మిగులుతుంది.

వేసవిలో ఈ కుంగుడు ఎక్కువ. సీ6 పనిచేయాల్సిన వేడి 0 నుంచి 40 డిగ్రీలని కంపెనీ లెక్క. మే నెలలో ఒంగోల్లో, నెల్లూర్లో బయటి ఎండే 40 దాటుతుంది. గది లోపల, అందులోనూ అద్దాల షోకేసులో ఓఎన్‌టీ మీద సీ6, దాని పక్కన సెట్‌టాప్ బాక్సు పేర్చి పెడితే దాని పరిస్థితి ఆలోచించండి. మధ్యాహ్నం పోయి, రాత్రి తనే తిరిగొస్తుందంటే వేడే. డబ్బాని గోడకు తగిలించండి, లేదా నాలుగు వైపులా గాలి తగిలేలా పెట్టండి. సజ్జ మీద, మిద్దె రేకుల కింద వద్దు.

అల్లూరు, ఇందుకూరుపేట, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల షెడ్లలో కెమెరాల కోసం దీన్నే పెట్టేవాళ్లున్నారు. కెమెరాలు చాలావరకు 2.4 మాత్రమే పట్టుకుంటాయి, ఆ బ్యాండ్ ఆపకండి. కానీ ఇది ఇంట్లో వాడే వస్తువు. ఉప్పుగాలికి అడాప్టర్ పిన్ను, లాన్ పోర్టు తీగలు పచ్చబడతాయి. షెడ్డులో తప్పదనుకుంటే మూతున్న ప్లాస్టిక్ బాక్సులో పెట్టి, మూడు నెలలకోసారి పిన్నులు కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి. ఇనుప బాక్సు అసలు వద్దు, సిగ్నల్ లోపలే ఉండిపోతుంది.

గోడల మాటకొస్తే, చీమకుర్తి గ్రానైట్‌ని గోడలకు కూడా పరిచిన ఇళ్లలో, కనిగిరి వైపు పాత రాతి ఇళ్లలో వెనక గదికి 5 బ్యాండ్ చేరదు. అక్కడ పేరు మాయమవడం చెడిపోవడం కిందికి రాదు. హాలులో కనబడి వంటగదిలో కనబడకపోతే డబ్బా చోటు మార్చాలి, లేదా కేబుల్ లాగి రెండో డబ్బా పెట్టాలి.

కరెంటు కోతలకు మినీ యూపీఎస్ కొంటుంటే 12 వోల్టులు, 2 ఆంపియర్లది తీసుకోండి. ఓఎన్‌టీ కూడా 12 వోల్టులదైతే రెండిటికీ సరిపోతుంది. 2000 ఎంఏహెచ్ సెల్స్ మూడు ఉంటే దాదాపు 22 వాట్-అవర్లు. రెండు డబ్బాలు కలిపి 12 వాట్లు లాగితే, నష్టాలు పోను గంటన్నర లోపే. చవకరకాల్లో బ్యాటరీ దిగేకొద్దీ వోల్టేజీ కూడా దిగుతుంది. కరెంటు పోయిన అరగంటకి వైఫై మాత్రమే పోయి లైట్లు మిగిలితే తప్పు యూపీఎస్‌దే, రౌటర్‌ది అనుకోకండి.

ఇవన్నీ అయ్యాకే ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్), రీసెట్. ఫర్మ్‌వేర్ దించుకునేముందు డబ్బా అడుగున స్టిక్కర్ మీద వెర్షన్ నంబరు చూడండి. సీ6 పేరుతోనే లోపల వేరే చిప్పులున్న వెర్షన్లు వచ్చాయి. ఒకదాని ఫైలు ఇంకోదానికి ఎక్కించకూడదు. కేబుల్‌తోనే ఎక్కించండి, కరెంటు పోయే వేళ పెట్టుకోకండి. రీసెట్‌కి ముందు ఇంటర్నెట్ పేజీ ఫోటో తీసుకోండి. పీపీపీఓఈ (లాగిన్ అయితేనే నెట్ వచ్చే పద్ధతి) అయితే యూజర్ పేరు, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు (ఆపరేటర్ తన లైనుకి ఇచ్చే గుర్తు) ఉంటే అదీ ఆపరేటర్ దగ్గర అడిగి రాసి పెట్టుకోండి. ఇది మరిచిపోతే వైఫై వస్తుంది, నెట్ పోతుంది. పిన్నుతో రీసెట్ నొక్కి పవర్ లైటు మిణికేదాకా పట్టుకుంటే చాలు. తర్వాత స్టిక్కర్ మీదున్న పేరుతో వైఫై కనబడాలి.

రీసెట్ అయ్యాక, మంచి అడాప్టర్‌తో, చల్లటి గదిలో కూడా ఒక బ్యాండ్ లైటు వెలగట్లేదంటే ఆ రేడియో పోయింది. పిడుగుపాటు తర్వాత వాన్ పోర్టు కూడా పోవచ్చు. ఫైబర్ కరెంటుని మోసుకురాదు, అడాప్టర్ తీగ, మిద్దెల మధ్య లాగిన రాగి లాన్ కేబుల్ మోసుకొస్తాయి. నవంబరు, డిసెంబరు తుపాను రోజుల్లో రెండూ పీకి పెట్టడం మంచిది. విప్పి బాగుచేయించడం దండగ. కంపెనీ వారంటీ 3 సంవత్సరాలు. బిల్లు దాచుకోండి, అడుగున సీరియల్ నంబరు స్టిక్కర్ చిరగనీయకండి. ఆన్‌లైన్లో కొన్నా, ట్రంక్ రోడ్డు షాపులో కొన్నా బిల్లు మీద ఆ సీరియల్ నంబరు రాయించుకుంటే తర్వాత వాదన ఉండదు.

300 ఎంబీపీఎస్ దాటిన ప్లాన్ ఉన్నవాళ్లు, మూడు మిద్దెల ఇల్లున్నవాళ్లు దీన్ని కొనొద్దు, వైఫై 6 (కొత్త తరం వైఫై) మెష్ సెట్, అంటే ఇంటినిండా కలిసి పనిచేసే రెండు మూడు డబ్బాలు, చూసుకోండి. అప్పుడు పాత లాప్‌టాప్ ఉంటే దాని వైఫై డ్రైవర్ ముందే అప్‌డేట్ చేయండి. పాత ఇంటెల్ డ్రైవర్లు కొన్నిటికి వైఫై 6 పేర్లే కనబడవు.