లావెల్ రోడ్డు నుంచి మారికుప్పం దాకా: బంగారు గనుల దారిలో

కోలార్ వైపు చూడ్డానికి ఏముందని బెంగళూరులో స్థిరపడిన మనవాళ్లను అడిగితే వెంటనే వచ్చే జవాబు కోటిలింగాల గుడి. ఊరి నుంచి చుట్టాలు రాగానే కారెక్కించి అక్కడికి తీసుకెళ్లి, సాయంత్రానికి వెనక్కి తెచ్చేస్తారు. నూట ఇరవై ఏళ్లకు పైగా బంగారం తవ్విన కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్) గనులు ఆ పక్కనే ఉన్నాయి. మూడు కిలోమీటర్లు దాటి లోపలికి దిగిన గని అది. ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో దాన్నీ లెక్కపెట్టేవారు. ఒంగోలు నుంచి అన్నయ్య, వదిన వచ్చినప్పుడు ఈసారి ముందు గనుల ఊరు, ఆ తర్వాతే గుళ్లు అనుకున్నాం. నా లెక్కలో అదే సరైన వరస.

వీలుంటే ముందురోజు బెంగళూరులోనే లావెల్ రోడ్డు మీద ఒకసారి నడవండి. ఖరీదైన హోటళ్లూ షోరూములూ నిండిన ఆ వీధికి మైకేల్ లావెల్ పేరు పెట్టారు. ఐర్లాండుకు చెందిన మాజీ సైనికుడాయన. కోలార్ ప్రాంతంలో పల్లెజనం మట్టి కడిగి బంగారం తీస్తున్నారని జాన్ వారెన్ అనే సైనికాధికారి అంతకు చాలా ఏళ్ల ముందే రాసిపెట్టాడు. అది చదివిన లావెల్ 1871లో ఎడ్లబండి మీద బయలుదేరి వెళ్లాడు. 1875లో మైసూరు ప్రభుత్వం దగ్గర అనుమతి సంపాదించాడు గానీ, లోతుకు తవ్వేంత పెట్టుబడి ఆయన దగ్గర లేదు. 1880 నుంచి లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ రంగంలోకి దిగాక అసలు తవ్వకం ఊపందుకుంది. 1902లో శివనసముద్రం జలపాతం దగ్గర తయారైన కరెంటు దాదాపు 150 కిలోమీటర్లు తీగల మీద ప్రయాణించి ముందుగా ఈ గనులకే చేరింది. బెంగళూరు వీధి దీపాలకు ఆ కరెంటు 1905లో గానీ రాలేదు. ఈ సంగతి తెలిశాక కేఆర్ మార్కెట్ దీపాలు చూస్తే నాకు ముందు కోలారే గుర్తొస్తుంది.

వెళ్లడానికి రెండు దారులు. పెద్దవాళ్లు ఉంటే కారే నయం. హోస్కోటె దాటాక కొత్త ఎక్స్‌ప్రెస్‌వే పట్టుకుంటే బేతమంగల వరకు కుదుపు లేకుండా వెళ్లిపోవచ్చు. మేం వెళ్లినప్పుడు దాని మీద టిఫిను చేసే చోటు మాత్రం కనబడలేదు, అందుకని హోస్కోటెలోనే తిని బయలుదేరండి. నాకైతే రైలే ఇష్టం. బంగారపేట నుంచి మారికుప్పం వరకు ఉన్న చిన్న లైను గనుల కోసమే వేసింది. కోరమాండల్, ఊర్గాం, ఛాంపియన్ అంటూ స్టేషన్లు చాలావరకు గనుల పేర్లతోనే ఉంటాయి. గనులు మూతపడ్డాక ఊళ్లోవాళ్లు బతుకుతెరువు కోసం రోజూ ఇదే లైన్లో బెంగళూరు వచ్చి పోతున్నారు. పొద్దున బెంగళూరు వచ్చే బండి కిటకిటలాడుతుంది, సాయంత్రం వెనక్కి వెళ్లేదీ అంతే. మనం వెళ్లేది ఎదురు దిక్కు కాబట్టి కిటికీ పక్కన సీటు సులువుగా దొరుకుతుంది.

గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేట చేరాక, ఎవరైనా పాత కార్మికుణ్ని వెంటబెట్టుకోకుండా తిరగొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. అధికారికంగా గైడు అంటూ ఎవరూ లేరు. గని గేట్ల దగ్గర కాపలావాళ్లు లోపలికి పోనివ్వరు. అది న్యాయమే, గనిలోకి నిలువుగా తవ్విన పాత షాఫ్టులు ప్రమాదం. బయటి నుంచి చూస్తే తుప్పుపట్టిన ఇనుప గోపురాలు, పైకప్పు లేని భవనాలు, అంతే. కేజీఎఫ్ సినిమా చూసి వచ్చే కుర్రాళ్లు నాలుగు ఫోటోలు దిగి వెళ్లిపోవడానికి కారణం కూడా ఇదే, వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. మా ఆటో డ్రైవరు కుప్పం వైపు తెలుగువాడు కావడంతో, ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంటికి తీసుకెళ్లాడు.

"పైన ఏముంది సార్ చూసేదానికి, ఊరంతా కింద ఉండాది" అన్నారాయన. కేజ్, అంటే గని లిఫ్టు, ఎక్కి ఒక షాఫ్టులో దిగడం, సొరంగంలో నడిచి ఇంకో షాఫ్టు దగ్గర మళ్లీ కేజ్ ఎక్కడం, అలా దిగుతూ పోతుంటే వేడి పెరగడం ఆయన చేతులతో చూపిస్తూ చెప్పారు. అట్టడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. పైన యంత్రాలతో చల్లబరిచిన గాలిని కిందికి పంపకపోతే మనిషి నిలబడలేడు. అంత లోతులో పై రాయి బరువుకు పక్క గోడలు ఉన్నట్టుండి పగిలి పేలేవి. దాన్నే రాక్ బర్స్ట్ అంటారు. ఆ అదురు ఊళ్లో ఇళ్లకు కూడా తెలిసేది. "గూట్లో గిన్నెలు అదిరితే చాలు, మా యమ్మ గేటు కాడికి పరిగెత్తేది" అన్నారు. ఆ మాట విన్నాక వదిన చాలాసేపు మాట్లాడలేదు.

అదే లోతు శాస్త్రవేత్తలకు వరమైంది. రెండు కిలోమీటర్లకు మించిన రాయి అడ్డుగా ఉంటే అంతరిక్షం నుంచి వచ్చే ఇతర కణాలు చాలావరకు ఆగిపోతాయి. దేన్నైనా దాటుకుపోయే న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలకు మాత్రం అడ్డు లేదు. ముంబయిలోని టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) వాళ్లు జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలతో కలిసి 1965లో ఇక్కడే వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. ప్రపంచంలో మొట్టమొదట వాటిని చూసిన చోట్లలో ఇదొకటి. ఊరు మొత్తం తిరిగినా ఆ సంగతి చెప్పే బోర్డు ఒక్కటీ మాకు కనబడలేదు.

ఇక బంగారం లెక్క. మొత్తం మీద ఈ గనుల నుంచి 800 టన్నుల దాకా తీశారు. బంగారం నీటికన్నా 19 రెట్లకు పైగా బరువు కాబట్టి, అదంతా ఒకచోట పోస్తే పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న ఒక్క గదిలో దాదాపు పట్టేస్తుంది. కార్మికులకు ఇచ్చిన కూలీ లైన్లలో ఇల్లంటే ఒక గది, దాంట్లోనే కుటుంబమంతా. ఆ గది నింపడానికి మిల్లాడించి పారేసిన రాతిపొడి మూడు కోట్ల టన్నులకు పైనే. అవే ఊరి చుట్టూ కనిపించే సైనైడ్ దిబ్బలు. సన్నగా నూరిన రాయిని పల్చటి సైనైడ్ ద్రావణంలో కలిపితే బంగారం అందులో కరుగుతుంది. ఆ నీటిని వడకట్టి, జింకు పొడితో బంగారాన్ని మళ్లీ విడదీస్తారు. మిగిలిన బూడిదరంగు పొడి దిబ్బకు పోతుంది. ఆషాఢ గాలికి ఆ దుమ్ము ఇళ్లల్లోకి వస్తుంది. ఆ నెలల్లో పిల్లలతో వెళ్లకపోవడమే మంచిది.

బంగారం అక్కడికి ఎలా చేరిందో అన్నయ్య అడుగుతూనే ఉన్నాడు. సుమారు 270 కోట్ల ఏళ్ల నాటి లావా గట్టిపడి, నలిగి, మడతపడిన శిలల పట్టీ ఇది. ఉత్తర దక్షిణాలుగా 80 కిలోమీటర్లు సాగి మన చిత్తూరు జిల్లాలోకీ వస్తుంది. బిసానత్తం, చిగురుగుంట గనులు దీని కొనసాగింపే. భూమి లోతుల్లోని వేడినీళ్లు బంగారాన్ని మోసుకొచ్చి పగుళ్లలో పలుగురాయితో పాటు వదిలిపెట్టాయి. మొదట్లో టన్ను రాయికి 40 గ్రాములు దాటిన బంగారం చివరి రోజుల్లో మూడు, నాలుగు గ్రాములకు పడిపోయింది. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు.

బస విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. రాబర్ట్‌సన్‌పేట లాడ్జీలు ఒంటరిగా తిరిగే మగవాళ్లకు సరిపోతాయి. కుటుంబంతో అయితే కోలార్ హైవే పక్కన హోటళ్లు మేలు, లేదా రాత్రికి బెంగళూరు చేరడం ఇంకా మేలు. తిండికి లోటు లేదు. బంగారపేటలో దిగి తెల్లటి నీళ్ల పానీపూరి తినండి. చూడ్డానికి మంచినీళ్లలా ఉండి నాలుక మండిస్తుంది.

గుళ్లలో నా ఓటు బంగారు తిరుపతికి. గుట్టహళ్లి దగ్గర చిన్న గుట్ట మీద స్వామిని రంధ్రాల కిటికీలోంచి చూడాలి, పక్క గుట్ట మీద అమ్మవారు. ప్రశాంతంగా ఉంటుంది. కోటిలింగేశ్వరలో 108 అడుగుల లింగం చూడదగ్గదే కానీ ఆదివారం జనం విపరీతం. కోలార్ ఊళ్లోని కోలారమ్మ గుడి, చోళుల శాసనాలు చూడాలంటే ఇంకో పూట కేటాయించాలి.

నగలు కొనే పని ఉంటే బెంగళూరులోనే చూసుకోండి. చిక్‌పేట మెట్రోలో దిగి నగరత్‌పేట సందుల్లోకి నడిస్తే కంసాలి పని కళ్లారా కనిపిస్తుంది. హాల్‌మార్క్, దాంతోపాటు నగ మీద హెచ్‌యూఐడీ అనే ఆరు అక్షరాలూ అంకెల గుర్తింపు కోడ్ చూసి తీసుకుంటే చాలు.

దిబ్బల్లో ఇంకా టన్నుకు గ్రాముకన్నా తక్కువ బంగారం మిగిలి ఉంది. వాటిలో పదమూడింటిని వేలం వేసి మళ్లీ శుద్ధి చేయడానికి 2024లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. ఆ పని మొదలైతే మొదటి లాభంలోంచి ఊర్గాం స్టేషను పక్కన ఒక మ్యూజియం కట్టాలి. కేజ్, ల్యాంపులు, న్యూట్రినో ప్రయోగం ఫోటోలు అందులో పెట్టాలి. కింద పనిచేసి వచ్చిన పెద్దల్నే జీతమిచ్చి గైడ్లుగా పెట్టుకోవాలి. అందాకా, వాళ్లలో ఎవరైనా ఒక పూట మీతో తిరిగితే ఆ పూట కూలి అడిగించుకోకుండా ఇవ్వండి. మా పెద్దాయన వద్దన్నారు. వదిన ఆయన మనవరాలి చేతిలో పెట్టింది.