సెమినారా, పక్క బెంచీతో వాదనా: ఏది మేలు?

పిల్లలు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలి అనగానే మా శ్రీకాకుళం డిగ్రీ క్లాసుల్లో ముందు గుర్తొచ్చేది సెమినారే. ఒకడికి టాపిక్ ఇస్తాం. వాడు గైడులోది ఛార్టు మీదకెక్కించి అప్పజెబుతాడు. మిగతావాళ్ళు టైము చూసుకుంటారు. చెప్పినవాడికి సభాభయం పోతుంది, కాదనను. విన్నవాళ్ళకి మాత్రం అది ఇంకో లెక్చరు, నా లెక్చరుకన్నా నాసిరకంది.

నా ఓటు ఎరిక్ మజూర్ పద్ధతికి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఆయన 1991లో మొదలుపెట్టాడు. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు. ఎవరికి వాళ్ళు ఆలోచించి ఓటెయ్యాలి. సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెబితే పక్కవాళ్ళతో వాదించుకోనిచ్చి మళ్ళీ ఓటు పెడతారు. అంతకు తగ్గితే మాస్టారే మళ్ళీ చెప్పుకోవాలి, పెరిగితే ముందుకెళ్ళిపోవడమే. ఓటుకి మిషన్లు మనకెక్కడివి? గుండెకి ఆనించి వేళ్ళు చూపిస్తే సరి, పక్కవాడికి కనబడదు.

మొన్న అడిగాను: పైకెగరేసిన రూపాయి బిళ్ళకి అన్నిటికన్నా ఎత్తులో ఆగిన క్షణాన త్వరణం, అంటే వేగం మారే రేటు, ఎంత? సగానికి పైగా సున్నా అన్నారు. సున్నా అయ్యేది వేగం, త్వరణం అక్కడా కిందికే, సెకనుకి సెకనుకి 9.8 మీటర్లు. మూడో బెంచీలో ఒకమ్మాయి పక్కదాన్ని నిలదీసింది: "ఏటే, సున్నా అయితే అక్కడే ఏలాడాల గదా, మరి కిందికెందుకొస్తాది?" నేను ఏటా ఇంగ్లీషులో చెప్పేది అదే ముక్క. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఈ జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారని ఊరికే గుర్తొచ్చింది.

మూడోది జిగ్‌సా. 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్ బడుల్లో ఎలియట్ అరాన్సన్ అనే సైకాలజిస్టు పెట్టాడు. పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తే, ఎవరి ముక్క వాళ్ళు జట్టుకి చెప్పాలి. హిస్టరీకి, బోటనీకి బాగుంటుంది. ఒక మెట్టు మీద ఇంకో మెట్టుండే లెక్కలకి కుదరదు. పైగా మాకు పలాస వైపు పిల్లలు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి, ఆ స్టేషనుండే ఆమదాలవలస నుంచి మళ్ళీ బస్సు పట్టుకోవాలి. ఆ రోజు రైలు ఆలస్యమైతే వాడి ముక్క గల్లంతే.

మజూర్ పద్ధతికీ ఖర్చుంది. ఒక్కో ప్రశ్నకి పది నిమిషాలు పోతాయి, సిలబస్ వెనకబడుతుంది. అందుకే పీరియడుకి రెండు మించను. సెమినారూ మానలేదు, ఇంటర్నల్ మార్కుల గడి నింపాలి కదా. కాకపోతే ఇప్పుడు ఛార్టు వద్దంటున్నాను. చెప్పినవాడే తన టాపిక్ మీద ఒక ప్రశ్న, మూడు తప్పు జవాబులు తయారుచేసుకుని రావాలి. ఆ తప్పు జవాబుల దగ్గరే వాడికి చెమటలు పడుతున్నాయి.