అమిగా కావాలంటే ఏది మేలు: పాత మెషీనా, ఎమ్యులేటరా, ఎఫ్‌పీజీఏనా?

మ్యూనిక్‌లో మా ఆఫీసు పెద్దాయన ఒకరు రిటైరయ్యే ముందు వారం తన పాత ఇంటి కంప్యూటర్, అమిగా 500 ప్లస్‌ని తువ్వాలులో చుట్టి తెచ్చి నాకిచ్చారు. 1992లో, కాలేజీ రోజుల్లో కొన్నారట. "ఇంకా బతికుందేమో చూడు" అన్నారు. ఇంటికి తెచ్చి మూత విప్పితే మదర్‌బోర్డు ఒక మూలంతా పచ్చటి పొడి పట్టి ఉంది. గడియారం కోసం పెట్టిన నికెల్ కాడ్మియం బ్యాటరీ ఎప్పుడో కారిపోయి, కింది రాగి గీతల్ని తినేసింది. దాన్ని మళ్లీ లేపడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఊరుకోలేక, అమిగాను నడపడానికి ఉన్న మిగతా దారులన్నీ కూడా ప్రయత్నించాను. అందుకే ఈ పోలిక.

అసలు ఈ మమకారం దేనిమీద? కమోడోర్ కంపెనీ మొదటి అమిగాను 1985 జులై 23న న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో చూపించింది. చిత్రకారుడు ఆండీ వార్హోల్ వేదిక మీదే గాయని డెబీ హ్యారీ బొమ్మకు ఆ కంప్యూటర్‌తో రంగులద్దారు. 4,096 రంగులు, నాలుగు ఛానెళ్ల స్టీరియో శబ్దం, ఒకేసారి అనేక ప్రోగ్రాములు నడిపే ఆపరేటింగ్ సిస్టమ్, ఇవన్నీ 256 కేబీ మెమరీతో, 1,295 డాలర్లకు. ప్రాసెసర్ వేగం 7 మెగాహెర్ట్జ్ మాత్రమే. కష్టమంతా జే మైనర్ బృందం తయారుచేసిన ఆగ్నస్, డెనీస్, పౌలా అనే మూడు చిప్‌లు పంచుకున్నాయి. ఆగ్నస్‌లో కాపర్ అనే చిన్న భాగం ఉంటుంది. టీవీ తెర మీద ఒక్కో గీత పడుతుండగా, సరిగ్గా ఆ క్షణంలో రంగులు మార్చడం దాని పని. ఆటల్లో సాయంత్రపు ఆకాశం నారింజ నుంచి నీలంలోకి మెల్లగా జారేది దానివల్లే. మొదటి మోడల్ మూత లోపల బృందం సంతకాలున్నాయి, వాటి పక్కనే మైనర్ పెంచుకున్న మిచీ అనే కుక్క పాదముద్ర కూడా ఉంది. ఆ పాదముద్ర ఫొటో చూసిన రోజు నాకు ఈ మనుషుల మీద ప్రేమ పుట్టింది.

1994 ఏప్రిల్ 29న కమోడోర్ దివాలా తీసింది. మైనర్ ఆ జూన్‌లోనే పోయారు. పేరును 1995లో జర్మనీకి చెందిన ఎస్కామ్ కొన్నది, అదీ మునిగాక 1997లో గేట్‌వే కొన్నది, ఆ తర్వాత కోర్టు గొడవలు. అభిమానులు మాత్రం ఎటూ పోలేదు. 1992లో మొదలైన ఆమినెట్ అనే ప్రోగ్రాముల భాండాగారం ఈనాటికీ నడుస్తోంది. పాత అమిగాల కోసమే 2021లో ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ 3.2 వచ్చింది. యజమానులు ఇన్నిసార్లు మారినా వీళ్లు నిలబడ్డారంటే, వీళ్ల విధేయత లోగో మీద కాదని నాకనిపిస్తుంది. ఆ మూడు చిప్‌ల నడక మీద. కాబట్టి ఏ దారి ఆ నడకను ఎంత బాగా నిలబెడుతుంది అన్నదే నా కొలత.

ఎమ్యులేటర్‌తో, అంటే ఇప్పటి కంప్యూటర్‌లో పాత మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రామ్‌తో, మొదలుపెట్టడం అందరికీ తేలిక. విండోస్‌లో విన్‌యూఏఈ అనే ఎమ్యులేటర్ ఉచితం. 1995లో మొదలైన యూఏఈ అనే ఎమ్యులేటర్ నుంచి వచ్చింది, ఇన్నేళ్లుగా దాన్ని మెరుగుపరుస్తూనే ఉన్నారు. చిప్‌ల అడుగు అడుగునూ లెక్కగట్టి అనుకరించే పద్ధతి అందులో ఉంది. అసలు మెషీన్‌ని లేపే ప్రోగ్రామ్ ఉన్న చిప్ నకలు, కిక్‌స్టార్ట్ రోమ్ ఫైలు మాత్రం లైసెన్సుతో కొనుక్కోవాలి, అమిగా ఫరెవర్ ప్యాకేజీలో దొరుకుతుంది. సంక్రాంతికి విజయవాడ వెళ్లినప్పుడు లాప్‌టాప్‌లో నాకు తోడొచ్చేది ఇదే. ఇబ్బంది ఒక్కటే. యూరప్ అమిగా తెర సెకనుకు 50 సార్లు మారుతుంది, మన లాప్‌టాప్ తెర 60 సార్లు. అందువల్ల తెర పక్కకు జరిగే ఆటల్లో సన్నటి కుదుపు కనిపిస్తుంది. జాయ్‌స్టిక్ కదిపాక బొమ్మ కదలడానికి కాస్త ఆలస్యం కూడా అవుతుంది. సెట్టింగులు సరిచేస్తే చాలావరకు తగ్గుతుంది గానీ, ఆ సరిచేయడానికే కొన్ని రాత్రులు పోతాయి.

పాత మెషీన్‌లో ఈ బాధ లేదు, వేరే బాధలున్నాయి. నేను చేసింది చెబుతాను. ముందు బ్యాటరీని కత్తిరించి తీసేశాను. కారింది క్షారం కాబట్టి వెనిగర్‌తో తుడిచి, తర్వాత నీళ్లతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగాను. తెగిన గీతల చోట సన్నటి తీగలు సోల్డర్ చేశాను. రెండుసార్లు తప్పు చోట అతికించి మళ్లీ ఊడదీశాను. తర్వాత తెర సమస్య. అమిగా వీడియో సిగ్నల్ 15 కిలోహెర్ట్జ్, ఇప్పటి మానిటర్లు చాలావరకు దాన్ని పట్టుకోవు. డెనీస్ చిప్ కింద చిన్న బోర్డు, దానికో రాస్‌ప్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్ పెట్టి హెచ్‌డీఎమ్‌ఐ తీశాను. ఫ్లాపీలు దొరకడం కష్టం కాబట్టి ఫ్లాపీ డ్రైవ్ బదులు యూఎస్‌బీ డ్రైవ్‌తో నడిచే గోటెక్ అనే పరికరం కూడా బిగించాను. అసలు ఫ్లాపీ డ్రైవ్‌ని మాత్రం పారేయలేదు. డిస్క్ లేనప్పుడు టిక్, టిక్ మని అది వెతుక్కునే చప్పుడు, శబ్దం ఫిల్టర్ మారినప్పుడు పవర్ లైటు మసకబారి మళ్లీ వెలగడం, ఇవి ఇంకెందులోనూ ఇలా రావు. ఆ పెద్దాయన మా ఇంటికి వచ్చి ఆ చప్పుడు వినగానే కుర్చీలో కూర్చుండిపోయారు. చాలాసేపు మాట్లాడలేదు.

ప్రాసెసర్ స్థానంలో రాస్‌ప్‌బెర్రీ పై పెట్టే పైస్టార్మ్ కూడా చాలామంది వాడుతున్నారు. అది ఇంకా అమిగానేనా అని అభిమానుల్లో వాదన ఉంది. ఆగ్నస్, డెనీస్, పౌలా తమ పని తాము చేస్తున్నంత కాలం అది అమిగానే అంటాను.

ఇక ఎఫ్‌పీజీఏ. మామూలు చిప్‌లో సర్క్యూట్ ఫ్యాక్టరీలోనే స్థిరపడిపోతుంది. ఎఫ్‌పీజీఏలో సర్క్యూట్‌ని మనమే లోపల కొత్తగా అల్లుకోవచ్చు. డెనిస్ వాన్ వీరెన్ అనే ఇంజినీరు అమిగా చిప్‌లను ఇలా అల్లి, మినిమిగ్ పేరుతో 2007లో అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఇప్పుడు మిస్టర్ అనే ఏర్పాటులో నడుస్తున్నది దాని వారసత్వమే. ఇక్కడ ప్రోగ్రామ్ అనుకరించడం లేదు, చిప్‌లన్నీ అసలు మెషీన్‌లో లాగే పక్కపక్కన ఒకేసారి పని చేస్తాయి. మానిటర్ ఒప్పుకుంటే 50 హెర్ట్జ్ బొమ్మ నేరుగా వస్తుంది. జాయ్‌స్టిక్ ఆలస్యం నాకు తెలియనే లేదు. బ్యాటరీ కారదు, కెపాసిటర్ పేలదు. ఖర్చు కొత్త మామూలు ఫోన్ ధరంత అవుతుంది. రోజూ ఆడుకోవడానికి ఇంతకంటే మంచిది నేను చూడలేదు.

2022లో వచ్చిన ఏ500 మినీ, అంటే అమిగా 500 ఆకారంలోని చిన్న మెషీన్, పిల్లలకు బహుమతిగా బాగుంటుంది. 25 ఆటలుంటాయి, కీబోర్డు మాత్రం బొమ్మ, నొక్కితే పనిచేయదు. లోపల ఉన్నది ఎమ్యులేటరే. అమిగా ఓఎస్ 4 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని నడిపే, పవర్‌పీసీ అనే వేరే రకం ప్రాసెసర్ ఉన్న మెషీన్లు వెయ్యి యూరోలు దాటతాయి. వాటిలో ఆ మూడు చిప్‌లు లేవు, పాత ఆటలకు అక్కడా ఎమ్యులేటరే దిక్కు. ఆ ఓఎస్‌ని రాసేవాళ్ల పట్టుదల మీద నాకు గౌరవం ఉంది గానీ, మొదటిసారి వచ్చేవాళ్లను అటు పంపను.

మీకు ఆసక్తి ఎంతో తెలియకపోతే ఎమ్యులేటర్‌తో ఒక నెల గడపండి. ఆ నెల తర్వాత కూడా వదలబుద్ధి కాకపోతే ఎఫ్‌పీజీఏ తీసుకోండి. పాత మెషీన్ మాత్రం సోల్డరింగ్ వచ్చినవాళ్లు, లేదా నేర్చుకునే ఓపిక ఉన్నవాళ్లే కొనాలి. ఊరికే అల్మారాలో పెట్టుకుంటే అది లోపల్లోపలే చచ్చిపోతుంది. ఏ1200 అనే మోడల్‌లో బ్యాటరీ లేదు గానీ, బోర్డుకు అతికించిన చిన్న కెపాసిటర్లు కారతాయి. మామూలు 500 అన్నిటికంటే గట్టిది.

యూరప్‌లోనో అమెరికాలోనో ఉన్న మన వాళ్లెవరి అటక మీదైనా, ఇంటి ఓనరు వదిలేసిన గదిలోనైనా 500 ప్లస్, 2000, 3000, 4000 మోడళ్లలో ఏదైనా కనిపిస్తే, నడుస్తుందా అని ముందే ప్లగ్ పెట్టకండి. ఈ వారమే మూత తీసి, ఆ బ్యాటరీని కత్తిరించండి.